షోయబుల్లాఖాన్‌కు ఎవరి సలాం?

షోయబుల్లాఖాన్ చనిపోయింది ఆగస్టులో. ఆయన బొమ్మ ఫ్లెక్సీలకెక్కేది సెప్టెంబర్లో. ఈ 26 రోజుల తేడాలో చాలా రాజకీయం ఉంది. దాని గురించే ఈ వ్యాసం.

ఆగస్టు 22 ఆయన వర్ధంతి. ఆ రోజు ఏ చిన్న హాల్లోనో కొందరు జర్నలిస్టులు, కొందరు రచయితలు కూచుంటారు. నలుగురు మాట్లాడతారు, ఎనిమిది మంది వింటారు. మర్నాడు పేపర్లో రెండంగుళాల వార్త. అదే సెప్టెంబర్ 17 వచ్చేసరికి ఆయన ఒక్కసారిగా అందరివాడైపోతాడు. జిందగీలో ఒక్క ముస్లింతో కలిసి చాయ్ తాగని వాళ్ళు కూడా ఆ పేరును వేదిక మీంచి గొంతు చించుకుని పలుకుతారు. ఆగస్టులో ఆయన ఎడిటర్. సెప్టెంబర్లో సాక్షి. అదీ ఎవరి మీద సాక్షి? మా మీద!

ఇంతకీ ఆయనెవరు? 1920లో వరంగల్ జిల్లాలో పుట్టాడు. ఉస్మానియాలో చదువుకున్నాడు. ఆ చదువుతో నిజాం సర్కారులో మంచి నౌకరీయే దొరికేది. ఆయన అఖ్బారు పనిలోకి వచ్చాడు. మందుముల నర్సింగరావు నడిపిన 'రయ్యత్' ఉర్దూ పత్రికలో పనిచేశాడు. సర్కారు దాన్ని మూయించింది. అప్పుడు బూర్గుల రామకృష్ణారావు వంటి వాళ్ళ సాయంతో 1947 నవంబర్లో సొంతంగా 'ఇమ్రోజ్' మొదలుపెట్టాడు. ఇమ్రోజ్ అంటే ఈరోజు. ఆ పత్రిక ఆయన చేతుల్లో గట్టిగా తొమ్మిది నెలలు నడిచింది. ఆ తొమ్మిది నెలలూ రాసింది రజాకార్ల జుల్ము గురించి, బాధ్యతాయుత ప్రభుత్వం గురించి, హైదరాబాద్ ఇండియన్ యూనియన్లో కలవాల్సిన అవసరం గురించి. అదీ ఉర్దూలో. అంటే ఎవరు చదవాలో వాళ్ళకే అర్థమయ్యే భాషలో.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. రజాకార్ల సంస్థను రద్దు చేయాలన్నారు. యూనియన్లో చేరాలన్నారు. దాన్ని ఇమ్రోజ్ అచ్చేసింది. సర్కారుకు వ్యతిరేకంగా ఎత్తే చేతుల్ని నరకాలని ఖాసిం రజ్వీ నిండు సభలో అన్నాడని ఆ కాలం గురించి రాసిన వాళ్ళు చాలామంది రాశారు. తర్వాత కొన్ని రోజులకే కాచిగూడ ప్రాంతంలో, పత్రిక పని ముగించుకుని రాత్రిపూట బావమరిదితో ఇంటికి వెళుతున్న షోయబుల్లాను తుపాకీతో కాల్చారు. చెయ్యి నరికారు. అడ్డొచ్చిన బావమరిది చెయ్యీ నరికారు. అప్పటికి షోయబుల్లాకు ముప్ఫై ఏళ్ళు నిండలేదు.

ఇదీ కథ. ఈ కథలో చంపింది ముస్లింలు. చచ్చింది ముస్లిం. సంతకాలు పెట్టింది ముస్లింలు. ఆ సంతకాల్ని అచ్చేసింది ముస్లిం. మరి ఈ కథ 'ముస్లిం పాలన నుంచి హిందువుల విమోచన' అనే సినిమాలో ఎట్లా ఇముడుతుంది? ఇమడదు. కాబట్టి కథలోంచి నరికిన చేతిని మాత్రం తీసుకుంటారు. ఆ చేత్తో ఏం రాశాడో వదిలేస్తారు. ఫ్లెక్సీ మీద బొమ్మ ఉంటుంది. ఇమ్రోజ్‌లోంచి ఒక్క వాక్యం ఉండదు. ఆయన రాసింది వాళ్ళలో ఎవరూ చదవలేదు, చదవాలని అనుకోనూ లేదు. అది ఉర్దూ కదా!

మామూలుగా ఒక సంపాదకుడిని గౌరవించడమంటే ఆయన సంపాదకీయాల్ని అచ్చేయడం. మన దగ్గర మాత్రం ఆయన చావును అచ్చేస్తారు.

షోయబుల్లా కంటే ఎనిమిదేళ్ళ ముందు పోయినవాణ్ణి కూడా ఇక్కడ తలచుకోవాలి. షేక్ బందగీ. జనగామ దగ్గర కామారెడ్డిగూడెం రైతు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి బలానికి బెదరకుండా భూమి కోసం కోర్టు మెట్లెక్కాడు. ఏళ్ళ తరబడి తిరిగి కేసు గెలిచాడు. గెలిచినందుకే 1940లో దేశ్‌ముఖ్ మనుషులు దారికాచి చంపేశారు. 'మా భూమి' నాటకం వెనకున్నది ఆయన పోరాటమే. నిజాం రాజ్యంలో ఒక ముస్లిం రైతును హిందూ దొర చంపించాడు. ఆ దొరను కాపాడింది ఆ నిజాం రాజ్యమే! ముస్లిం రాజు, ముస్లిం రాజ్యం, ముస్లింలంతా పాలకులే అని చెప్పే వాళ్ళకి బందగీ సమాధి చూపించాలి. అక్కడ ఏటా ఉర్సు జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వస్తారు. ఏ సర్కారూ జీవో ఇవ్వకుండానే జనం ఆయన్ని యాది చేసుకుంటున్నారు. బందగీ బొమ్మ సెప్టెంబర్ ఫ్లెక్సీల మీద ఎందుకుండదో వేరే చెప్పాలా? ఆయన్ని చంపించిన పక్షం వేదిక మీద కూచుంటుంది గనక.

సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది. 17న అంతా అయిపోయింది. ఆ తర్వాత ఏం జరిగింది? ఎవరి మీద నుంచి విమోచన అన్నారో ఆ నిజాం 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. 1956 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. పారిపోయిన దేశ్‌ముఖ్‌లు సైన్యం వెనకాలే ఊళ్ళకు తిరిగొచ్చారు. ఆ సైన్యం రైతుల మీదికి తిరిగింది. రజ్వీ జైలుకెళ్ళి 1957లో బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. మరి లెక్క ఎవరు చెల్లించారు? ఉస్మానాబాద్‌లో, గుల్బర్గాలో, బీదర్‌లో, నాందేడ్‌లో రజాకార్ యూనిఫాం ఎప్పుడూ తొడగని ముస్లింలు చెల్లించారు. చేనేత పనివాళ్ళు, చిన్న దుకాణాల వాళ్ళు, కౌలుదార్లు, ఆడవాళ్ళు.

ఈ మాట మేం ఆవేశంలో అంటున్నది కాదు. భారత ప్రభుత్వం పంపిన సౌహార్ద బృందమే రాసింది. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబర్ చివర్లోంచి డిసెంబర్ దాకా జిల్లా జిల్లా తిరిగారు. ఎంత తగ్గించి చెప్పుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాశారు. హిందూ చేనేత వాళ్ళు తమ ప్రాణాలొడ్డి తోటి ముస్లిం చేనేత వాళ్ళను కాపాడిన సంగతి కూడా అందులోనే రాశారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రభుత్వం బయటపెట్టలేదు.

ఆ ముగ్గురిలో ఖాజీ అబ్దుల్ గఫార్ పేరు చూడండి. హైదరాబాద్‌లో 'పయామ్' ఉర్దూ పత్రిక స్థాపించిన సంపాదకుడు. షోయబుల్లాలాగే అఖ్బారు మనిషి. ఆయన ఊరూరా తిరిగి పోలీస్ యాక్షన్ పేరుతో జరిగిన హత్యాకాండను రాసిపెట్టాడు. ఒకే నగరం, ఒకే భాష, ఒకే వృత్తి. ఒకరి బొమ్మ ఫ్లెక్సీ మీద. ఇంకొకరి నివేదిక బీరువాలో.

ఇంకా నిక్కచ్చిగా మాట్లాడాలంటే ఫరీద్ మీర్జా గురించి మాట్లాడాలి. ఈ పేరు మన తెలుగు సాహిత్యకారుల్లో ఎంతమందికి తెలుసు? నిజాం సర్కారులో రెవెన్యూ అధికారి. తహసీల్దార్. రజాకార్లు ఊళ్ళ మీద పడడం కళ్ళారా చూసి, నౌకరీకి రాజీనామా చేశాడు. ఆ ఏడుగురి ప్రకటనలో ఆయన సంతకం కూడా ఉంది. అంటే షోయబుల్లా కలం, ఫరీద్ మీర్జా సంతకం ఒకే కాగితం మీద ఉన్నాయి. పోలీస్ యాక్షన్ అయ్యాక ఆ మనిషి ఏం చేశాడు? ముస్లింల మీద జరిగిన దారుణాల్ని కూడా అదే నిజాయితీతో నమోదు చేశాడు. బాధితుల వైపు నిలబడ్డాడు. 1976లో తాను చూసిందీ చేసిందీ ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకంగా వేశాడు. రజాకార్లకు వ్యతిరేకంగా గవాహీ ఇచ్చింది, సైన్యం నీడలో జరిగిన హత్యలకు గవాహీ ఇచ్చింది ఒకే మనిషి! రెండూ మానవహక్కుల పనే అని ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

షోయబుల్లా బతికుంటే ఏం రాసేవాడో మేం చెప్పం. చచ్చిపోయిన మనిషి నోట్లో మాటలు పెట్టడం అవతలి వాళ్ళు చేస్తున్నదే. కానీ ఆయన పక్కన నిలబడిన వాళ్ళు ఏం చేశారో రికార్డులో ఉంది. ఆయన బొమ్మకు దండ వేసేవాళ్ళు ఆ రికార్డును ఎందుకు దాస్తారని మాత్రం అడుగుతాం. 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం చేసింది. అదే రోజు రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం చేసింది. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక అది ప్రజాపాలన దినోత్సవం అయింది. పేర్లు మూడు. ఆ మూడు పేర్లలో దేనికిందా ఉస్మానాబాద్ లేదు.

ఇప్పుడు సెక్యులర్ మిత్రులతో కొంచెం మాట్లాడాలి. వీళ్ళు షోయబుల్లాను ఫ్లెక్సీకి వాడుకోరు, నిజమే. మంచి మనసుతోనే తలచుకుంటారు. కానీ తలచుకునేటప్పుడు ఒక మాట తప్పకుండా అంటారు: మతానికి అతీతంగా ఎదిగినవాడు అని. మఖ్దూం మొహియుద్దీన్ గురించీ ఇదే మాట. ఇది పొగడ్తేనా? ముస్లింగా ఉంటూ ఒక మనిషి న్యాయం గురించి మాట్లాడలేడనా దీనర్థం? మంచివాడు కావాలంటే ముస్లింతనంలోంచి బయటికి రావాలా? కందుకూరి గురించి, గురజాడ గురించి మతానికి అతీతంగా ఎదిగారని ఎవరైనా రాస్తారా? వాళ్ళను సంఘ సంస్కర్తలంటారు. తమ సంఘాన్ని తాము కడుక్కున్నవాళ్ళంటారు. షోయబుల్లా చేసిందీ అదే. తన వాళ్ళ భాషలో, తన వాళ్ళ మధ్య నిలబడి, తన వాళ్ళలోని జులుంను నిలదీశాడు. ఆయన నమాజు చదివేవాడో లేదో మాకు అక్కర్లేదు. ఆయన్ని ఆయన మొహల్లాలోంచి ఊడబెరికి మ్యూజియంలో పెట్టకండి. అంతే మేం అడిగేది.

దీనికి అద్దంలాంటి మరో వైపుంది. కె.జి. కన్నబిరాన్‌ను చూడండి. 2002 గుజరాత్ మారణకాండ మీద విచారణ జరిపిన పౌర ట్రిబ్యునల్లో ఆయన సభ్యుడు. మెజారిటీ మతం పేరుతో జరిగిన హింసను కూచుని విని, రాసి, లోకానికి చెప్పిన వాళ్ళలో ఒకడు. బాలగోపాల్‌ను చూడండి. లెక్కల పాఠం చెప్పుకోవాల్సిన మనిషి ఎన్‌కౌంటర్ శవాల లెక్క తీస్తూ, కాశ్మీర్ దాకా వెళ్ళి అక్కడి మనుషుల మాట విని తెలుగులో రాశాడు. 1989లో ఆయన్ని కిడ్నాప్ కూడా చేశారు. వీళ్ళను ఎవరైనా 'మంచి హిందువులు' అని ఫ్లెక్సీ కట్టారా? లేదు. దేశద్రోహులన్నారు. నక్సలైట్లన్నారు. తన సమాజంలోని బలవంతుణ్ణి నిలదీసిన ముస్లిం అమరవీరుడు. తన సమాజంలోని బలవంతుణ్ణి నిలదీసిన హిందువు ద్రోహి. రెండు తక్కెళ్ళు. ఈ తక్కెళ్ళు పట్టుకున్న చెయ్యి మాత్రం ఒక్కటే.

ఇంకో పేరు. ఆజం అలీ. నల్గొండలో పౌరహక్కుల సంఘం నాయకుడు. 2000 నవంబర్లో హైదరాబాద్‌లో లాయర్ పురుషోత్తంను పట్టపగలు నరికి చంపారు. మూడు నెలలు తిరక్కుండా, 2001 ఫిబ్రవరి 18న నల్గొండలో ఆజం అలీని నరికారు. అంతకు పదిహేనేళ్ళ ముందు, 1985 సెప్టెంబర్ 3న వరంగల్లో పిల్లల డాక్టర్ రామనాథంను పోలీసులు ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఇది కూడా సెప్టెంబరే. ఈ సెప్టెంబర్‌కు పరేడ్ లేదు. ఆజం అలీ కూడా ముస్లిమే. ఆయన్నీ ముక్కలుగా నరికారు. ఆయనా మాట్లాడినందుకే పోయాడు. కానీ ఆయన నిలదీసింది రాజ్యాన్ని. కాబట్టి ఆయన బొమ్మ వాళ్ళకు పనికిరాదు. మరి మాకు? నల్గొండలో ఏ మసీదు కమిటీ, ఏ ముస్లిం సంఘం ఆజం అలీని మావాడని గట్టిగా చెప్పుకుంది? ఎన్‌కౌంటర్లో చచ్చినవాళ్ళ కోసం తిరిగాడు కదా, వాళ్ళు మన కౌమ్ వాళ్ళు కాదు కదా అనే లెక్క మా దగ్గరా ఉంది. ఇతరుల కోసం చచ్చినవాణ్ణి సొంతం చేసుకోలేని సమాజం తన కోసం ఇతరులు రావాలని ఎట్లా కోరుకుంటుంది?

షోయబుల్లా విషయంలోనూ మావాళ్ళ మౌనం తక్కువది కాదు. దీన్ని దాచడానికి లేదు. మా ఇళ్ళల్లో పెద్దలు 1948ని సుకూతె హైదరాబాద్ అంటారు. హైదరాబాద్ కూలిపోవడం. ఆ మాటలో బావుల్లో దూకిన ఆడవాళ్ళున్నారు, తిరిగిరాని మొగవాళ్ళున్నారు, నౌకరీలు పోయి రిక్షాలెక్కిన కుటుంబాలున్నాయి. ఆ దుఃఖంలో షోయబుల్లాకు చోటు దొరకలేదు. ఆయన పేరెత్తితే అవతలి వాళ్ళ కథ ఒప్పుకున్నట్టవుతుందని భయం. ఈ భయం మాకు అర్థమవుతుంది. కానీ ఈ భయాన్ని అడ్డం పెట్టుకుని రజాకార్ల జుల్మును తక్కువ చేసి చెప్పే పెద్దమనుషులు మాలో ఉన్నారు. వాళ్ళతో రాజీ లేదు. రజ్వీ మా నాయకుడు కాడు. వేల మందిని మంటల్లోకి తోసి, చివరికి తాను సరిహద్దు దాటినవాడు. మా దుఃఖానికి వాడూ ఒక కారణం.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు తెలుగు సాహిత్యం ఉలిక్కిపడింది. రోజూ దేశభక్తిని రుజువు చేసుకోవాల్సిన బతుకు ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది చాలామందికి. దాని తర్వాత మూడు దశాబ్దాలు దాటాయి. ఆ రుజువు కాగితం రూపంలో కూడా ఇచ్చారని చెబితే నమ్ముతారా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది పోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో అయిదుగురు. చచ్చిందీ ముస్లింలే, పట్టుకుపోయిందీ ముస్లిం పిల్లల్నే. ఎక్కడెక్కడో పెట్టి చిత్రహింసలు పెట్టారని రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన లాయరే విచారించి చెప్పాడు. కోర్టులు నిర్దోషులన్నాయి. చివరికి ప్రభుత్వం ఆ పిల్లలకు కొంత నష్టపరిహారంతో పాటు, వీళ్ళు మంచివాళ్ళేనని సర్టిఫికెట్లు ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టేసింది. మంచి ముస్లిం అని సర్కారు మొహరు వేసి ఇచ్చిన కాగితం! ఫ్లెక్సీ మీద షోయబుల్లా బొమ్మ కూడా ఇట్లాంటి కాగితమే. ఒకాయనకు ఇచ్చి మిగతావాళ్ళను మీ సర్టిఫికెట్ ఏదని అడగడానికి.

ముంబైలో షాహిద్ అజ్మీ అనే లాయర్ ఉండేవాడు. చిన్న వయసులోనే టాడా కింద అరెస్టయి, జైల్లో ఏళ్ళు గడిపి, అక్కడే చదువుకుని, బయటికొచ్చి తనలాంటి పిల్లల కేసులు వాదించాడు. ఏడేళ్ళలో 17 మందిని నిర్దోషులుగా బయటికి తెచ్చాడు. 2010 ఫిబ్రవరి 11న కుర్లాలో ఆయన ఆఫీసులోనే కాల్చి చంపారు. ఆయన మీద తీసిన సినిమాకు జాతీయ అవార్డులొచ్చాయి. డైరెక్టరుకు, యాక్టరుకు. మంచిదే, సినిమా మంచిది. కానీ ఇట్లాంటి మనిషి పాత్ర వేసినవాడికి మెడల్ ఇచ్చే రాజ్యం, ఆ మనిషి చేసిన పని ఇంకొకరు చేయబోతే ఏం చేస్తుందో మనకు తెలుసు.

అవార్డులు, విగ్రహాలు, వీధులకు పేర్లు వద్దని మేం అనడం లేదు. పెట్టండి. షోయబుల్లా విగ్రహం పెట్టండి. దాని కింద ఉర్దూలో కూడా రాయండి, ముందు ఆ ధైర్యం చేయండి. కానీ అంతకంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. ఇమ్రోజ్ సంచికలు ఎక్కడ ఏ లైబ్రరీలో ఎన్ని మిగిలాయో వెతికి, చెదలు తినకముందే తెలుగులోకి తేవాలి. ఉర్దూ చదవడం రాని మా పిల్లలకు ఆయన వాక్యం చేరాలి. పక్కనే ఫరీద్ మీర్జా పుస్తకం తెలుగులో రావాలి. సుందర్‌లాల్ బృందం నివేదిక తెలుగులో, చవక ధరకు, బస్టాండు పుస్తకాల షాపుల్లో దొరకాలి. ఈ మూడూ ఒకే అట్ట మధ్య వేస్తే ఇంకా బాగు. యూనివర్సిటీలు చేస్తాయేమోనని చూడొద్దు. ఉర్దూ వచ్చిన ముసలి టీచర్లు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. రిటైరై, అరుగుల మీద కూచుని, పాత అఖ్బార్లు ముందేసుకుని. వాళ్ళు చదువుతుంటే పక్కన కూచుని తెలుగులో రాసుకునే వాళ్ళు కావాలి.